మా ఇంటి మంచం, ఉస్తాద్ గునియా

నాకు ముప్పై రెండేళ్లు. రిటైరై మూడు నెలలైంది. ఎవరూ శాలువా కప్పలేదు, మైకు పట్టుకుని నా సేవల గురించి చెప్పలేదు, కళ్లు తుడుచుకోలేదు. నా వీడ్కోలు కార్యక్రమం మొత్తం ఇదీ: మా ఉస్తాద్ యాదగిరి తల ఎత్తకుండా, "పోయేటప్పుడు ఆ ఫ్యాన్ బందు చేసి పో" అన్నాడు. చేసి వచ్చాను.

ఇబ్రహీంపట్నంలో బస్ డిపో దాటాక, సాగర్ రోడ్డు మీద ఒక చెక్క పని షాపులో పదకొండేళ్లు వడ్రంగం చేశాను. తలుపులు, కిటికీలు చేశాం కానీ మా అసలు పంట బాక్సు మంచాలే. అంటే పైన పరుపు, కింద పెట్టెలూ సొరుగులూ ఉండే మంచాలు. చుట్టూ వెంచర్లు పడి, ఇళ్లు చిన్నవై, సామాన్లు మాత్రం పెద్దవై, మనుషులకు చివరికి మిగిలిన ఖాళీ జాగా తాము పడుకునే చోటు కిందే అని తేలింది. మాకు పనికి కొదవలేకుండా పోయింది.

మరి ఎందుకు రిటైరయ్యానంటే, తుమ్ములు. మొదట పొద్దున నాలుగు వచ్చేవి. తర్వాత వేప చెక్క కోస్తే పది, టేకు కోస్తే ఇరవై. దవాఖానలో డాక్టరమ్మ అన్నీ విని, "మీకు చెక్క పొట్టు పడదు. ఏం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి చీటీ రాస్తున్నట్టు తల దించుకుంది. నేను ఆమెను తప్పు పట్టను. నీళ్లు పడని చేపను నేను చూసినా అంతే చేసేవాణ్ని.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లందరూ అడిగేది ఒకటే: "అన్నా, పని ఎన్ని దినాలల్ల వస్తది?" చేతికి రెండేళ్లలో వస్తుంది. తలకు రావడానికి నాకు పదకొండేళ్లు పట్టింది, అదీ పని మానేసే వారంలో వచ్చింది. మీకు అంత ఆలస్యం కాకూడదని రాస్తున్నాను.

ఉస్తాద్

మా ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉంది. మంచం తయారవగానే షాపులో ఉన్నవాళ్లందరినీ దాని మీద వరసగా కూర్చోబెడతాడు. తనూ కూర్చుంటాడు. ఎవరూ మాట్లాడకూడదు. బయట లారీలు పోతుంటాయి, లోపల ఆరుగురు మగవాళ్లు ఫొటో దిగుతున్నట్టు బిగుసుకుని కూర్చుని ఉంటారు. కొత్త గిరాకీలు వచ్చి చూసి, ఎవరో పోయారనుకుని వెనక్కి వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి.

"మంచాన్ని కండ్లతోటి చూడొద్దు, పిర్రలతోటి చూడాలె" అనేవాడు ఉస్తాద్. కిర్రుమని చప్పుడు వచ్చిందా, విప్పి మళ్లీ బిగించాలి. చప్పుడు రాలేదా, లేచి వెళ్లిపోతాడు. బాగుందని చెప్పే ఆచారం మా షాపులో లేదు. పదకొండేళ్లలో నాకు దొరికిన మెప్పు అంతా కలిపితే, ఆయన నన్ను తిట్టని రోజులు.

ఇక గునియా సంగతి చెప్పాలి. గునియా అంటే చెక్క మూల సరిగ్గా ఉందో లేదో పెట్టి చూసే మూలమట్టం. ఉస్తాద్‌ది ఇత్తడిది, వాళ్ల నాన్న వాడినది. నేను చేరిన మొదటి ఏడాది ఒక పీట చేస్తే, మూల తప్పిందని దాన్ని పొయ్యిలో పెట్టించాడు. ఇంటి దగ్గర నేర్చుకుందామని ఆ సాయంత్రం గునియాను నడుముకు దోపుకుని పోయాను. పొద్దున తెచ్చి ఎవరూ చూడకుండా పెట్టేద్దామనుకున్నాను. పొద్దున నేను వెళ్లేసరికి ఉస్తాద్ షాపు మధ్యలో నిలబడి అరుస్తున్నాడు: "ఎవడు తీసిండో వాని చెయ్యి ఇరగ!"

ఆయన కోపం చల్లారాక ఇద్దామనుకున్నాను. అది చల్లారే కోపం కాదు. ప్రతి దసరాకు పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చేటప్పుడు, ఉస్తాద్ మధ్యలో జానెడు జాగా వదిలేసేవాడు. "ఈడ నా గునియా ఉండాలె. ఎవనింట్ల పూజలందుకుంటున్నదో!" అనేవాడు. మా ఇంట్లో పూజలేమీ అందుకోవట్లేదు, పాత లుంగీలో చుట్టి ట్రంకు అడుగున ఉంది. అబద్ధమెందుకు, ఒక దసరాకు నేనూ దానికి బొట్టు పెట్టాను. ఎందుకైనా మంచిదని.

ఒక్క మాట మాత్రం నిజం. ఆ ఏడాదంతా పని నుంచి రాగానే దానితో మూలలు కలపడం సాధన చేశాను. దొంగతనంగా తెచ్చిన వస్తువును ఊరికే పెట్టుకుంటే పాపమనిపించింది.

వలలు పెట్టిన మంచం

పోచయ్యన్న మా చెరువులో చేపలు పట్టే మనిషి. ఒక్క గది ఇంటికి బాక్సు మంచం కావాలని వచ్చాడు. ఆ రోజు ఉస్తాద్ చుట్టాల పెళ్లికి పోయాడు, నేనే పని ఒప్పుకున్నాను. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రాసుకున్నాను. చీమ కూడా దూరకుండా నాలుగు వైపులా గట్టిగా మూసి చేశాను. ఉస్తాద్ తిట్టలేదు. నా జీవితంలో అది పండుగ.

పండుగ పన్నెండు రోజులుంది. పదమూడో రోజు పోచయ్యన్న భార్య ఎల్లమ్మక్క షాపు ముందుకు వచ్చింది.

"ఎవడ్రా మా మంచం చేసింది?"

మా షాపులో ఐకమత్యం ఎంత గొప్పదంటే, అందరి వేళ్లూ ఒకేసారి నావైపు తిరిగాయి.

"రా తమ్మీ, జర వచ్చి మా మంచం మీద పండు" అంది.

"ఎందుకక్కా?"

"పండి గట్టిగ దమ్ము పీల్చు. సమజైతది."

వెళ్లాను. పడుకోవలసిన అవసరం రాలేదు, గుమ్మం దగ్గరే సమజైంది. పోచయ్యన్న వలలను సగం ఆరబెట్టి మంచం కింద పెట్టెలో పెట్టి మూత వేశాడు. గాలి పోయే సందు లేదు, ఆ సందు లేకుండా చేసిన ఘనుణ్ని నేనే. ఆయన మాత్రం మంచం మీద హాయిగా కూర్చుని ఉన్నాడు.

"నాకైతే ఏం వాసన వస్తలేదు" అన్నాడు.

"నీకెట్ల వస్తదయ్యా, సగం వాసన నీదే గద!" అంది ఎల్లమ్మక్క.

ఉస్తాద్ కూడా వెనకే వచ్చాడు. మంచం చుట్టూ ఒకసారి తిరిగి నన్ను అడిగాడు: "కింద ఏం పెడ్తరని అడిగినవా?"

"బట్టలు పెడ్తరనుకున్న ఉస్తాద్."

"అనుకున్నవ్. మంచం కింద నీ అనుకునుడు పెడ్తరా?"

ఆ రోజే మంచం రెండు వైపులా రూపాయి బిళ్లంత రంధ్రాలు వరసగా వేశాను. అడుగు పలక తీసేసి, మధ్య మధ్య సందులు వదిలి పట్టీలు కొట్టాను. వాసన వారంలో పోయింది. కానీ ఆ రంధ్రాల దగ్గర ముక్కు పెట్టుకుని కూర్చోవడానికి వీధిలో పిల్లి ఒకటి అలవాటు పడింది. తర్వాత నేను కనబడినప్పుడల్లా ఎల్లమ్మక్క, "మంచానికి పిల్లి ఉత్తగనే ఇచ్చిండు తమ్ముడు" అని పక్కవాళ్లకు పరిచయం చేసేది.

కాబట్టి టేపు తీసే ముందు నోరు తెరవండి. కింద ఏం పెడతారో అడగండి. అదీ ఇంటి ఆడవాళ్లను అడగండి. మంచం కింద ఏముందో తెలిసిన మగవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. మరమ్మతుకు వెళ్లి ఎన్నో పెట్టెలు విప్పాను. పాత పెళ్లికార్డులు, మోటరు కాలిన మిక్సీలు, ఒంటి చెప్పులు, ఎవరో పెట్టిన నచ్చని గిన్నెలు. మనుషులు పరుపు మీద పడుకుంటారనుకుంటాం. నిజానికి పారేయలేని వాటి మీద పడుకుంటారు.

గోళీ

ప్రవీణ్ ఆదిభట్లలో కంప్యూటర్ ఉద్యోగి. తన మంచం తనే చేసుకుంటానని ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఫోన్‌లో వీడియోలు చూసి గీసుకున్నాడట. చెక్క కోసి ఇస్తే చాలు, బిగించుకోవడం తన పని అన్నాడు.

ఆయన వెళ్లాక ఉస్తాద్, "తన గుండు తనే గీసుకుంటనంటున్నడు. నువ్వు పోయి జర చెవులు చూస్కో" అని నన్ను ఆదివారాలు పంపాడు. నా పని నిలబడటం. ఆయన తప్పు చేయబోతే దగ్గడం.

మొదటి రోజు ఆయన జేబులోంచి ఒక గోళీ తీసి గదిలో నేల మీద పెట్టాడు. అది నెమ్మదిగా దొర్లి బాల్కనీ తలుపు దాకా పోయింది. ఇంకో మూల నుంచి వదిలాడు. మళ్లీ అటే పోయింది.

"సార్, మంచం చేద్దామా, గోళీలాడుదామా?" అన్నాను.

"నేల వాలు చూస్తున్నా అన్నా. ఇల్లు కడిగితే నీళ్లు బయటికి పోవాలని తలుపు దిక్కు వాలు పెడ్తరు గదా. మంచం అటే వాల్తే, డ్రాలు వాటంతటవే బయటికొస్తయి" అన్నాడు. అని, ముందు రెండు కాళ్ల కింద చిన్న చెక్క ముక్కలు పెట్టి ఎత్తు సరిచేశాడు.

ఈ సంగతి షాపులో నెల రోజులు నవ్వుకుంటూ చెప్పాను. మేం రెండు రోజుల్లో చేసే పనికి ఆయనకు మూడు వారాల సెలవులు పట్టాయి. పక్క పలక ఒకటి తలకిందులుగా బిగించాడు, విప్పి మళ్లీ బిగించాడు. ఒక స్క్రూ చాలిన చోట మూడు వేశాడు. చివరికి ఆయన, భార్య, ఎదురింటివాళ్లు అందరూ ఎక్కి కూర్చుంటే కిర్రుమనలేదు. ఆయన మంచం పక్కన నిలబడి ఫొటో దిగాడు. నేను అన్ని మంచాలు చేశాను, ఒక్కదానితోనూ ఫొటో దిగలేదు. జర కుళ్లుకున్నాను కూడా.

ఇన్నేళ్లు పని చేశాక నా తీర్పు ఇది: తన మంచం తను చేసుకునేవాడు మనకంటే నిదానంగా చేస్తాడు, మనకంటే ఎక్కువ తప్పులు చేస్తాడు, కానీ మనం చూడనివి చూస్తాడు. ఎందుకంటే దాని మీద పడుకోవలసింది ఆయనే. మనం ఇచ్చేసి ఆటో ఎక్కుతాం.

పని అయ్యాక ఆ గోళీ నాకే ఇచ్చాడు. నేను మా బిడ్డకు ఇచ్చాను. నాలుగేళ్ల పిల్ల మా ఇంట్లో రోజూ దాన్ని దొర్లించేది. అది రోజూ గడప దగ్గరికే పోయేది. రోజూ నేనే వంగి తీసి ఇచ్చేవాణ్ని. ఈ వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

లావణ్య మంచం

ఇక మా ఇల్లు. రెండు గదులు, కింద షాబాద్ బండలు. నా భార్య లావణ్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఊళ్లో సగం మంది జాకెట్ గుడ్డలు మా ఇంట్లో మూటల్లో ఉంటాయి. ఆ మూటలూ ట్రంకులూ పట్టాలని ఇనుప మంచం నాలుగు కాళ్ల కింద ఇటుకలు పెట్టాం. మా మంచం ఎక్కాలంటే కొంచెం ఎగరాలి. పెళ్లయినప్పుడే సొరుగుల మంచం చేసిస్తానని మాట ఇచ్చాను. పెళ్లై ఆరేళ్లైంది.

"వడ్లాయన పెండ్లాన్ని, ఇటుకల మీద పంటున్న" అని, వడ్రంగి భార్య బతుకు చూడండన్నట్టు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. బయటివాళ్ల ముందు నవ్వడం తప్ప ఇంకేం చేస్తాం?

డాక్టరమ్మ మాటతో షాపు మానేయాలని తేలాక, ఆదిభట్లలో విమానం భాగాలు చేసే ఒక కంపెనీలో సామాన్ల గదిలో ఉద్యోగం దొరికింది. సోమవారం నుంచి కంపెనీ బస్సు. ఆ మాట చెప్పగానే లావణ్య కత్తెర కింద పెట్టింది.

"సోమవారం బస్సెక్కు. ఆదివారం లోపల నా మంచం కావాలె. కాకపోతే రోడ్డు మీద షోరూంల కొంట. ఆటోల ఏసుకొని మీ ఉస్తాద్ ముంగటికెళ్లే తెస్త."

బెదిరింపులు చాలా విన్నాను, ఇంత పద్ధతిగా ఆలోచించి చేసినది వినలేదు. అట్లా నాకు వారం మిగిలింది, పనులు రెండు మిగిలాయి: లావణ్య మంచం, ఉస్తాద్ గునియా. ఈ రెండు బాకీలూ తీర్చకుండా బస్సెక్కితే నేను పని మానినవాణ్ని కాదు, పారిపోయినవాణ్ని.

మంచం కాళ్లకు టేకు ముక్కలు, పలకలకు ప్లైవుడ్ ఉస్తాదే ఇచ్చాడు. ముక్కుకు రెండు దస్తీలు కట్టుకుని ఇంటి ముందు వాకిట్లో కోశాను. నన్ను చూసి పాలు పోసే అతను బర్రెను దొంగిలించడానికి ఎవడో వచ్చాడనుకున్నాడు. గరుకు కాగితం రుద్దే పని లావణ్య తీసుకుంది, నాకంటే నున్నగా రుద్దింది. నేను తుమ్మినప్పుడల్లా, "జర ఆపు, పెయింట్ మీద పడుతది" అనేది. నా ఆరోగ్యం మీద ఆమెకున్న శ్రద్ధ అది.

"కింద ఏం పెడ్తవ్?" అని అడిగాను. పోచయ్యన్న ఇంట్లో నేర్చుకున్న పాఠం కదా. ఆమె అరగంట చెప్పింది. చివర్లో, "నీ లుంగీ మూట గూడ" అంది.

"దాన్ని అడుగున పెట్టు."

"సోమవారం లోపల ఉస్తాద్‌కు ఇచ్చెయ్యి."

"ఇస్త."

"పదకొండేండ్ల సంది ఇస్తనే ఉన్నవ్" అంది. పెళ్లికి ముందు సంవత్సరాలు కూడా కలిపి తిట్టడం ఆమెకే చెల్లింది.

ఒకసారి టేపు చేతిలో పట్టుకుని నిలబడి అడిగింది: "కొలతలన్ని చూస్కున్నవా? నేనైతే తెలిసినోళ్ల బ్లౌజైనా మల్ల కొలుస్త."

"మన ఇల్లే గదా. నాకు తెల్వదా?" అన్నాను.

నాలుగు మూలలూ ఉస్తాద్ గునియాతోనే చూసి కలిపాను. గోడ వైపు మూత పెట్టె, గడప వైపు రెండు పెద్ద సొరుగులు. లాగితే సొరుగు వెన్నలా జారేలా, చానళ్లనే ఇనుప పట్టాలు వేశాను. శనివారం సాయంత్రానికి మంచం లేచింది. ఖాళీ సొరుగులు పెట్టి చూశాను, కదలకుండా నిలబడ్డాయి. ఇటుకలు వాకిట్లోకి విసిరేస్తుంటే లావణ్య, "జర మెల్లగ, పక్కింటోళ్లు బాంబులనుకుంటరు" అంది. కానీ నవ్వుతోంది. ఆరేళ్ల నవ్వు ఒక్కసారే నవ్వుతోంది.

అందరం కూర్చున్నాం

ఆదివారం పొద్దున ఉస్తాద్ వచ్చాడు, వెంట షాపువాళ్లు ఇద్దరు. లావణ్య అప్పటికే సొరుగుల నిండా సామాను సర్దేసింది. ఉస్తాద్ మంచాన్ని చూడనైనా చూడలేదు, నేరుగా వెళ్లి అంచు మీద కూర్చున్నాడు. షాపువాళ్లు కూర్చున్నారు. నేను, లావణ్య, బిడ్డ. ఆరుగురం.

ఎవరూ మాట్లాడలేదు. కిర్రుమనలేదు. నాకు లోపల డప్పులు మోగుతున్నాయి.

అప్పుడు కింద నుంచి 'స్స్‌స్' మని చిన్న చప్పుడు. ఉస్తాద్ కాళ్ల వెనక నుంచి సొరుగు నెమ్మదిగా, మర్యాదగా, తనంతట తానే బయటికి వచ్చి ఆయన పిక్కలకు తగిలి ఆగింది. అందులో జాకెట్ గుడ్డల మీద, చింతపండు పెట్టి తోమిన గునియా తళతళా మెరుస్తూ ఉంది.

నేను లావణ్య వైపు చూశాను. ఆమె కప్పు వైపు చూస్తోంది. అడుగున పెట్టమన్న దాన్ని తోమి పైన ఎందుకు పెట్టిందో అడగలేదు. ఆమె ఇప్పించదలచుకుంది, మంచం కాస్త తొందరపడింది. స్పృహ తప్పుదామా అనుకున్నాను కానీ, మంచం నిండా మనుషులున్నారు, పడటానికి జాగా లేదు.

ఉస్తాద్ వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మా నాయినది."

"అవ్ ఉస్తాద్."

"ఎన్నడు తెచ్చినవ్?"

"మొదటేడు. పీట మూల తప్పిందని పొయ్యిల పెట్టించినవ్ గద. నేర్సుకుందామని తెచ్చిన."

"మల్ల ఎందుకియ్యలే?"

"తీసినోని చెయ్యి ఇరగాలన్నవ్. పనికి చెయ్యి అవసరముండె."

షాపువాళ్లలో ఒకడు దగ్గాడు. ఉస్తాద్ లేచాడు. గునియా పట్టుకుని మంచం చుట్టూ తిరిగాడు. ఒక్కో మూలకు పెట్టి, ఒక కన్ను మూసి, వెలుతురు సందు కనిపిస్తుందేమో చూశాడు. నాలుగో మూల దగ్గర గొంతుక్కూర్చుని అక్కడే ఉండిపోయాడు.

"గందుకా!" అన్నాడు.

"ఏంది ఉస్తాద్?"

"షాపుల అందరి మూలలు నేనే సక్కజేస్తుంటి. నీయి ఒక్కనియి ముట్టకుండనే ఎట్ల సక్కగుంటున్నయో ఇన్నేండ్ల సంది సమజ్ గాలే."

పదకొండేళ్ల తర్వాత వచ్చిన మెప్పు అది. దాన్ని పూర్తిగా మింగేలోపే, "మూల సరే, నేల చూస్కోలేదారా?" అన్నాడు.

"బాపూ, నా గోళి గూడ గట్లనే ఉరుకుతది" అంది మా బిడ్డ.

ప్రవీణ్ అక్కడ లేకపోవడం నా అదృష్టం. అందరి ఇళ్లలో టేపు పెట్టి కొలిచిన మనిషిని, నా ఇంట్లో మాత్రం నాకన్నీ తెలుసనుకున్నాను. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: తెలిసిన ఇంట్లో రెండుసార్లు కొలవండి.

ముందు కాళ్ల కింద ముక్కలు పెడతానంటే లావణ్య ఒప్పుకోలేదు. "చేతులనిండ గుడ్డలుంటే డ్రా తెరిచేటోడెవడు? ఇదైతే అదే వస్తది." చివరికి రాజీ కుదిరింది. ఒక సొరుగుకు అయస్కాంతం పెట్టి ఆపాను. రెండోదాన్ని దాని ఇష్టానికి వదిలేశాను. మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చునేవాళ్లకు ఇప్పటికీ అదే ఎదురొచ్చి స్వాగతం చెబుతుంది. ఉస్తాద్ గునియాను భుజం మీది తువ్వాలలో చుట్టుకుని వెళ్లాడు. సోమవారం షాపుకు వెళ్లి నా పనిముట్లు తెచ్చుకుని, ఫ్యాన్ బందు చేసి, బస్సెక్కాను.

మొన్న దసరాకు ఉస్తాద్ ఫోన్ చేసి రమ్మన్నాడు. పనిముట్లన్నీ వరసగా ఉన్నాయి. మధ్యలో గునియా, దానికి అందరికంటే పెద్ద బొట్టు. దాని పక్కన మళ్లీ జానెడు జాగా ఖాళీగా ఉంది.

"ఇదేం పోయింది ఉస్తాద్? ఇది మాత్రం నేను తీయలే" అన్నాను.

"నీ రంద ఉండే జాగ. చిత్రిక పట్టేది లేకపోతే వరస నిండుతదా? ఉరికి తెచ్చిపెట్టు."

ఇంటికి ఉరికి, మంచం కింద సొరుగులోంచి నా రంద తెచ్చి ఆ జాగాలో పెట్టాను. పెట్టగానే, పైన తిరుగుతున్న ఫ్యాన్ గాలికి మూలన ఉన్న పొట్టు లేచింది. నేను తుమ్మిన తుమ్ముకు పళ్లెంలో పసుపంతా ఉస్తాద్ తెల్ల అంగీ మీద పడింది.

ఆయన అంగీ దులుపుకోలేదు, తిట్టలేదు.

"ఫ్యాన్ బందు చెయ్యుండ్రా," అన్నాడు, "వీనికి పొట్టు పడది."